టిక్ ఒకలా, టక్ ఒకలా: పాత అలంకార గడియారాలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: బల్ల మీద పెట్టే పాత ఫ్రెంచి గడియారం ఇన్నాళ్లూ బాగానే నడిచింది. పక్క గదిలోకి మార్చాక కాసేపు నడిచి ఆగిపోతోంది. కీ నిండా ఇచ్చాం. మిషను పాడైందంటారా?

జవాబు: చాలామటుకు మిషనుకేమీ కాలేదు, లయ తప్పింది. లోలకం ఊగుతుండగా కళ్లు మూసుకుని వినండి. టిక్‌కీ టక్‌కీ మధ్య, టక్‌కీ టిక్‌కీ మధ్య ఎడం సమానంగా ఉండాలి. ‘టిక్‌టక్... టిక్‌టక్...’ అని కుంటుతున్నట్టు వినిపిస్తే లోలకానికి ఒక వైపు సరిగా తోపు అందడం లేదన్నమాట. ఊపు క్రమంగా తగ్గిపోయి ఆగిపోతుంది.

ముందు చేత్తోనే ఒక పరీక్ష చేయండి. గడియారం ఎడమ అంచును కొద్దిగా ఎత్తి వినండి, తర్వాత కుడి అంచును. ఏ వైపు ఎత్తినప్పుడు లయ కుదిరిందో గుర్తుంచుకోండి. ఆ వైపు అడుగున పలచని అట్టముక్క పెట్టినా గడియారం నడుస్తుంది. కానీ బరువైన నల్లరాతి గడియారాన్ని వాలుగా ఉంచడం మంచిది కాదు. గుండ్రని ఫ్రెంచి మిషన్లలో ఇంకో మార్గం ఉంది. ముందున్న అద్దం చట్రం నుంచి వెనక తలుపు చట్రం దాకా రెండు పొడవాటి మరలు మిషనును బిగించి ఉంచుతాయి. వెనక నుంచి వాటిని అరచుట్టు వదులు చేసి, పెట్టెను ఏ దిక్కుకు వాల్చితే లయ కుదిరిందో మిషనును అదే దిక్కుకు వెంట్రుకవాసి తిప్పి మళ్లీ బిగించండి. 12 అంకె కంటికి ఆనేంత పక్కకు జరిగితే మాత్రం ఈ పద్ధతి వదిలేసి క్రచ్‌ను సరిచేయాలి.

క్రచ్ అంటే పాలెట్ల (నడక చక్రం పళ్లను ఒక్కొక్కటిగా ఆపి వదిలే కొక్కేల) ఇరుసు నుంచి కిందికి దిగి లోలకాన్ని అటూ ఇటూ నెట్టే సన్నని కడ్డీ. దాని కొనను ఎప్పుడూ మీరు ఎత్తిన వైపుకే వంచాలి. ఎడమ ఎత్తితే లయ కుదిరిందా, ఎడమకే వంచండి. ఒక విడతకు మిల్లీమీటరు చాలు. పై భాగాన్ని ఒక చేత్తో గట్టిగా పట్టుకుని కింది భాగాన్ని మాత్రమే వంచాలి. అలా పట్టుకోకపోతే ఆ బలమంతా ఇరుసు కొన మీద పడి విరిగిపోతుంది. కొన్ని ఫ్రెంచి మిషన్లలో క్రచ్ ఇరుసు మీద బిగుతుగా జారేలా ఉంటుంది. అలాంటివాటిలో వంచే పనే లేదు, మెల్లగా నెడితే జరుగుతుంది.

లయ సరిగా ఉండి కూడా ఆగుతుంటే ఏ సమయానికి ఆగుతోందో రాసిపెట్టుకోండి. ప్రతిసారీ గంట కొట్టడానికి కొద్ది నిమిషాల ముందే ఆగితే, గంట కొట్టే భాగాన్ని పైకి లేపే పని నడక చక్రాలకు భారమవుతోంది. ముళ్లు ఒకదాన్నొకటి దాటే చోట ఆగితే గంటల ముల్లు నిమిషాల ముల్లుకు రాసుకుంటోంది. వేళాపాళా లేకుండా ఆగుతుంటే లోలకాన్ని వేలాడదీసే పలచని ఉక్కు రేకును చూడండి. లోలకం తీయకుండా గడియారాన్ని మోసినప్పుడు మొదట మెలిపడేది అదే. రేకులో చిన్న ముడత ఉన్నా లోలకం తిన్నగా ఊగకుండా వంకర్లు పోతుంది. ముడతను సాగదీసి సరిచేయడం కుదరదు, రేకును మార్చాల్సిందే.

నేల మీద నిలబెట్టే పొడవాటి గడియారాలు వారం మధ్యలో ఆగడానికి కారణం వేరు. బరువులు దిగుతూ దిగుతూ లోలకం బిళ్ల ఎత్తుకు చేరే రోజున, పెట్టె గోడకు బిగించి లేకపోతే, లోలకం ఊపుకు బరువులు కూడా ఊగి ఆ శక్తిని తాగేస్తాయి. పెట్టె వెనక పలకను ఒక్క మరతో గోడకు బిగిస్తే సరిపోతుంది.

ప్రశ్న: నా దగ్గరున్న ఫ్రెంచి గడియారం వెనక పలక మీద గుండ్రని ముద్ర, అయిదంకెల సంఖ్య, దానికి దూరంగా ‘5 4’ అని ఉన్నాయి. ఇది 1854 నాటిదని ఒకరన్నారు. నిజమేనా?

జవాబు: కాదు. ఆ ‘5 4’ లోలకం పొడవు. పాత ఫ్రెంచి కొలతలో 5 పూస్‌లు, 4 లీన్యులు. ఒక పూస్ 27.07 మిల్లీమీటర్లు. అందులో పన్నెండో వంతు లీన్య్, అంటే 2.256 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే సుమారు 144 మిల్లీమీటర్లు వస్తుంది. లోలకం పోయిన గడియారం చేతికొచ్చినప్పుడు ఈ రెండంకెలే దిక్కు. అయిదంకెల సంఖ్య మిషను వరుస సంఖ్య. చాలాసార్లు అదే సంఖ్యను లోలకం బిళ్ల వెనక కూడా కొట్టి ఉంటారు. రెండూ కలిస్తే లోలకం ఆ గడియారంతో పుట్టిందే. కలవకపోతే ఎక్కడో మారిందన్నమాట.

గుండ్రని ముద్ర మిషను తయారుచేసినవారిది. జాపీ ఫ్రేర్, సామ్యూల్ మార్తీ, విన్సెంటీ ముద్రలు తరచుగా కనిపిస్తాయి. పెట్టె, బొమ్మ, డయల్ మీద పేరున్న దుకాణం వేరేవాళ్లవి కావచ్చు. అప్పటి పని పద్ధతే అది, దాన్ని లోపంగా చూడకండి. ముద్రలో ఏదైనా ప్రదర్శనలో గెలిచిన పతకం పేరు, ఏడాది ఉంటే మిషను అంతకన్నా పాతది కాదని మాత్రమే తెలుస్తుంది. 1889 పతకం ముద్రను ఆ తర్వాత ఎన్నో ఏళ్లు వాడుకోవచ్చు.

కాలాన్ని ఇంకొంచెం దగ్గరగా పట్టుకోవాలంటే లోలకం దేనికి వేలాడుతోందో చూడండి. పట్టుదారానికి వేలాడితే, తర్వాత ఎవరూ మార్చకపోతే, 19వ శతాబ్ది తొలి సగానిది అనుకోవచ్చు. డయల్ మీద 12కు పైన చిన్న రంధ్రం ఉండి, కీకి ఉన్న సన్నని కొనతో అక్కడ తిప్పితే వేగం మారుతుంటే అది బ్రోకో అమరిక, అంటే ఆ తర్వాతి కాలానిది. ఆ రంధ్రం పక్కన ‘ఎ’, ‘ఆర్’ అని ఫ్రెంచి అక్షరాలుంటే ‘ఎ’ వైపు తిప్పితే వేగం పెరుగుతుంది, ‘ఆర్’ వైపు తిప్పితే తగ్గుతుంది.

ప్రశ్న: గడియారం మీది బంగారు రంగు బొమ్మ నల్లబడింది. ఇత్తడి పాలిష్‌తో రుద్దితే మెరుస్తుందా? అసలు అది కంచో కాదో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: పాలిష్ డబ్బాను దాని దగ్గరకు రానివ్వకండి. అలంకార గడియారాలకు కాలం చేసిన చెడు కన్నా పాలిష్ చేసిన చెడు ఎక్కువ, పైగా అది మళ్లీ బాగుపడేది కాదు.

ముందు లోహం సంగతి. బొమ్మలు రెండు రకాలు: కంచు లేదా ఇత్తడి పోత, తుత్తునాగం మిశ్రమంతో పోసిన స్పెల్టర్. రెండింటికీ అయస్కాంతం అంటదు కాబట్టి దానితో లాభం లేదు. బొమ్మను విప్పి అడుగున, ఎవరికీ కనబడని చోట సూదిమొనతో సన్నగా గీయండి. గీత పసుపుగా మెరిస్తే కంచు లేదా ఇత్తడి, తెల్లగా బూడిదరంగులో కనిపిస్తే స్పెల్టర్. గోటితో కొట్టినప్పుడు కంచు చిన్నగా ఖంగుమంటుంది, స్పెల్టర్ మొద్దుగా పలుకుతుంది. మణికట్టు, కత్తి మొన, రెక్క అంచు లాంటి సన్నని చోట్ల విరిగి అతికించిన గుర్తులుంటే కూడా స్పెల్టరనే అనుమానించాలి, ఎందుకంటే అది పెళుసు. విరిగినదాన్ని మామూలు బర్నరుతో అతికించబోతే బొమ్మే కరిగిపోవచ్చు. తుత్తునాగం దాదాపు 420 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. ఎపాక్సీతో అతికించడం మేలు.

తర్వాత పూత సంగతి. పాత పద్ధతిలో బంగారాన్ని పాదరసంలో కలిపి, ఆ ముద్దను కంచు మీద పూసి, నిప్పు మీద పాదరసాన్ని ఆవిరిగా తరిమేసేవారు. ఆ ఆవిరి పీల్చిన పనివాళ్ల ఆరోగ్యం నాశనమయ్యేది. ఇలా వచ్చిన మలామును ఓర్మొలూ అంటారు. దానిలో మెరుపు లేకుండా మాట్‌గా ఉన్న భాగాలు, అద్దంలా మెరిసే భాగాలు పక్కపక్కనే కావాలని చేసి ఉంటాయి. వస్త్రం మడతలు మాట్‌గా, దాని అంచు కుట్టు మెరుస్తూ కనిపిస్తాయి. ఒక్కసారి పాలిష్ పెట్టి రుద్దారా, ఈ తేడా పోతుంది, ఎత్తైన చోట్ల బంగారం అరిగి ఇత్తడి బయటపడుతుంది. 1840 తర్వాత విద్యుత్ పూత వ్యాపించింది, అది ఇంకా పలచన. స్పెల్టర్ మీదున్నదేమో తరచుగా బంగారు రంగు లక్కరు మాత్రమే. స్పిరిట్ తగిలితే రంగంతా దూదికి వచ్చేస్తుంది.

శుభ్రం చేయాలంటే ముందు మిషను, డయల్ విప్పి పక్కన పెట్టండి. మెత్తని కుంచెతో దుమ్ము దులపండి. నిజమైన మలామే అని తేలితే అర లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో రెండు మూడు చుక్కల రంగూ వాసనా లేని గాఢత తక్కువ డిటర్జెంట్ కలపండి. దూది చుట్టిన పుల్లను అందులో ముంచి పిండేసి, బొమ్మ మీద దొర్లించాలి, రుద్దకూడదు. ప్రతి నాలుగు వేళ్ల మేరకు కొత్త దూది తీసుకోండి. తర్వాత ఉట్టి డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి, మెత్తని గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరనివ్వండి. దూదికి పసుపు మెరుపు అంటితే అక్కడితో ఆపేయండి. అమ్మోనియా ఉన్న ద్రావణాలు కూడా వద్దు. పూతలోని సన్నని రంధ్రాల గుండా దిగి కింది రాగి మిశ్రమాన్ని తినేస్తాయి. స్పెల్టర్ బొమ్మకైతే పొడి కుంచె తప్ప మరేదీ వాడకండి.

ప్రశ్న: కీ మరీ బిగించి ఇవ్వడం వల్ల స్ప్రింగు పట్టేసి గడియారం ఆగిందంటున్నారు. ఇప్పుడేం చేయాలి?

జవాబు: బాగున్న స్ప్రింగుకు కీ నిండా ఇచ్చినంత మాత్రాన గడియారం ఆగదు. చివరిదాకా ఇవ్వడమే సరైన పద్ధతి. ఆపినది ఎండి జిగురైపోయిన పాత నూనె. స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉండవచ్చు, లేదా ఇరుసు కొనలు రంధ్రాల్లో పట్టేసి ఉండవచ్చు.

ఇక్కడే చాలామంది తుప్పు వదిలించే స్ప్రే కొడతారు. గడియారం వెంటనే నడుస్తుంది కూడా. ఆ స్ప్రే చేసిందల్లా పాత మురికిని కరిగించి రంధ్రాల్లోకి దించడమే. దానిలోని ద్రావకం ఆవిరయ్యాక మిగిలే మురికి ముద్ద ఆకురాయి పొడిలా పనిచేసి ఉక్కు ఇరుసునూ ఇత్తడి రంధ్రాన్నీ అరగదీస్తుంది. గుండ్రని రంధ్రం కోలగా మారితే పళ్లు సరిగా కలవవు. అప్పుడు కొత్త బుష్, అంటే రంధ్రంలో బిగించే చిన్న ఇత్తడి గొట్టం, వేయించాలి. వంటనూనె, కుట్టుమిషను నూనె కూడా ఇక్కడ పనికిరావు. మిషను విప్పి కడిగాక గడియారాల కోసం తయారైన నూనెనే, పలకలోని ప్రతి ఇరుసు గుంటలో సగం నిండేలా, గుండుసూది తలంత చుక్క వేయాలి. పాలెట్ల ముఖాలకు అంతకన్నా తక్కువ. చక్రాల పళ్లకు అసలు నూనె పెట్టకూడదు, దుమ్ము పట్టి అరుగుతాయి.

ఒక హెచ్చరిక. స్ప్రింగులో కీ ఉండగా మిషను పలకలు విప్పారా, అందులోని బలమంతా ఒక్క క్షణంలో చక్రాల మీద, మీ వేళ్ల మీద పడుతుంది. ముందు స్ప్రింగును దించాలి. దీనికి అరచేతిలో జారేలా గుండ్రని పిడి ఉన్న ప్రత్యేకమైన కీ దొరుకుతుంది. చేతికి తోలు తొడుగు, కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకుని, ఆ పిడిని గట్టిగా పట్టుకుని, స్ప్రింగు వెనక్కి తిరగకుండా ఆపే క్లిక్ అనే కొక్కేన్ని పక్కకు తప్పించి, పిడిని అరచేతిలో నెమ్మదిగా జారనివ్వాలి. మొదటిసారి ఒంటరిగా చేయకండి, తెలిసినవాళ్లు పక్కనుండగా చేయండి. గంట కొట్టే గడియారంలో రెండు స్ప్రింగులుంటాయి, రెండింటినీ దించాలి.

ప్రశ్న: మూడు గంటలకు అయిదు కొడుతోంది. ముళ్లు వెనక్కి తిప్పి సరిచేయవచ్చా?

జవాబు: గంటల వ్యవస్థ ఏ రకమో చూసి చేయాలి. మిషను వెనకో పక్కనో అంచున గాట్లున్న పెద్ద చక్రం కనిపించి, ఆ గాట్ల మధ్య ఎడం ఒక్కో గంటకూ పెరుగుతూ ఉంటే అది లెక్క చక్రం. దానికి ముళ్లతో సంబంధం లేదు, తన వరుసలో తాను కొట్టుకుపోతుంది. నిమిషాల ముల్లు 12 దాటి గంట కొట్టడం పూర్తయ్యాక, ముల్లును 9 దాకా మాత్రమే వెనక్కి తెచ్చి మళ్లీ ముందుకు 12 దాటించండి. ఇంకోసారి కొడుతుంది. సరైన సంఖ్య వచ్చేదాకా ఇలా చేయాలి. వెనక్కి తెస్తుంటే ఏదైనా అడ్డు తగిలినట్టనిపిస్తే ఆగిపోయి, ముందుకే తిప్పుతూ ప్రతి గంటా కొట్టనివ్వండి.

మెట్లు మెట్లుగా ఉన్న చిన్న బిళ్ల, పళ్లున్న వంకర చట్రం కనిపిస్తే అది రాక్ పద్ధతి. కొట్టేది ఎప్పుడూ గంటల ముల్లు గొట్టానికి తగులుకున్న ఆ బిళ్లను బట్టే ఉంటుంది కాబట్టి తప్పు గంటలో కాదు, ముల్లులో ఉంది. నిమిషాల ముల్లు 12 దగ్గర ఉండగా ఎన్ని కొట్టిందో విని, గంటల ముల్లును మెల్లగా ఆ అంకె మీదికి జరపండి. కోయిల గడియారంలో మాత్రం నిమిషాల ముల్లును ఎప్పుడూ వెనక్కి తిప్పకండి.

ప్రశ్న: మొదటి గడియారం కొనబోతున్నాను. కొనేముందు ఏం చూడాలి?

జవాబు: వెనక తలుపు తీయనివ్వనివారి దగ్గర కొనకండి. పాత గడియారాల్లో అన్నిటికన్నా పెద్ద మోసం ఒకదాని పెట్టెలో ఇంకొకదాని మిషను పెట్టడం. వాడని మర రంధ్రాలు, వాటిని పూడ్చిన ముక్కలు, లోపలి చెక్క మీద ఇప్పటి మిషను ఆకారానికి కలవని నల్లని నీడ, డయల్ రంధ్రం మధ్యలోకి రాని కీ ఇరుసు, పెట్టె అడుగుకు తగిలేంత పొడవు లోలకం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా గట్టిగా అడగండి. నిమిషాల ముల్లు కొన నిమిషాల గీతల వలయాన్ని అందుకోవాలి. పొట్టిగా ఉంటే వేరేదాని ముల్లు తెచ్చి పెట్టారు.

కాలం చెప్పే గుర్తులు కొన్ని నమ్మదగినవి. తల మీద ప్లస్ గుర్తులా గాడి ఉన్న మర మీద అమెరికాకు చెందిన హెన్రీ ఫిలిప్స్‌కు పేటెంట్లు వచ్చింది 1936లో. 1880 నాటిదని చెప్పే గడియారంలో అలాంటి మర ఉంటే ఎవరో తర్వాత చేయి పెట్టారు, లేదా గడియారమే కొత్తది. జర్మన్ మిషను మీద డి.ఆర్.జి.ఎం. (జర్మనీలో నమూనా నమోదైందని చెప్పే గుర్తు) అని ఉంటే 1891కి ముందుది కాదు. అమెరికాలోకి దిగుమతయ్యే సరుకు మీద తయారైన దేశం పేరుండాలన్న నిబంధన కూడా 1891 నుంచి అమలైంది. అయితే పేరు లేనంత మాత్రాన అంతకన్నా పాతదని అనుకోకూడదు, అది వేరే దేశంలో అమ్ముడై ఉండవచ్చు. తాబేలు చిప్ప, ఏనుగు దంతం పొదిగినవైతే సరిహద్దు దాటించే ముందు అనుమతి పత్రాలు అడగండి. అవి అంతరించిపోయే జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం కిందికి వస్తాయి.

నడవని గడియారాన్ని కొనవచ్చు, మిషనును బాగుచేయవచ్చు. పగిలిన ఎనామిల్ డయల్, అరిగిన మలాము, మళ్లీ రంగేసిన పెట్టె తిరిగి మునుపటిలా కావు. అందుకే నడిచే మెరుగుపెట్టిన గడియారం, ఆగిపోయిన ఎవరూ ముట్టని గడియారం పక్కపక్కన ఉంటే రెండోదాన్నే తీసుకోమంటాను.

ప్రశ్న: వేడి రోజుల్లో గడియారం వెనకబడుతోంది. ఎంత తేడా మామూలు?

జవాబు: ఇత్తడి కడ్డీ లోలకానికి ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రోజుకు సుమారు 8 సెకన్లు, ఉక్కు కడ్డీకి 5 సెకన్లు వెనకబడుతుంది. అంతకు మించితే కారణం వేడి కాదు. సరిచేసేటప్పుడు ఈ లెక్క ఉపయోగపడుతుంది: 144 మిల్లీమీటర్ల లోలకాన్ని 0.2 మిల్లీమీటరు పొట్టి చేస్తే రోజుకు ఒక నిమిషం వేగం పెరుగుతుంది. సెకనుకోసారి కొట్టే 994 మిల్లీమీటర్ల లోలకానికైతే దాదాపు 1.4 మిల్లీమీటర్లు మార్చాలి. చిన్న లోలకాన్ని అంత జాగ్రత్తగా తిప్పమనేది ఇందుకే. ఒకసారి మార్చాక పూర్తిగా ఒక రోజు ఆగి చూడండి.

ప్రశ్న: చీకట్లో మెరిసే అంకెలున్న పాత అలారం గడియారం ఇప్పుడు మెరవడం లేదు. రంగు గీకి కొత్తది వేయవచ్చా?

జవాబు: వద్దు. 1960ల ముందు తయారైన చాలా మెరిసే డయళ్ల మీద రేడియం ఉంది. మెరుపు పోయింది దానితో కలిపిన జింక్ సల్ఫైడ్ చెడిపోవడం వల్ల. రేడియం సగం తగ్గడానికే దాదాపు 1600 ఏళ్లు పడుతుంది. గీకితే వచ్చే పొడి ఊపిరితో లోపలికి పోతుంది. అద్దం తీయకుండా, పిల్లలకు అందకుండా, పడకగది కాని చోట ఉంచండి.

ప్రశ్న: గాజు గుమ్మటం కింద, నాలుగు బంతులు అటూ ఇటూ తిరిగే ‘400 రోజుల’ గడియారం ఉంది. తీగ మెలిపడింది. సాగదీసి వాడవచ్చా?

జవాబు: తీగ మార్చాలి. ఈ గడియారాలు సమయాన్ని కొలిచేదే ఆ తీగ మెలి తిరిగే బిగువుతో. మందంలో మిల్లీమీటరులో నాలుగు వందలో వంతు తేడా వచ్చినా గంటకు కొన్ని నిమిషాలు తప్పుతుంది. అందుకే మిషను నమూనాను బట్టి, దానికి సూచించిన మందం తీగనే తెప్పించండి. తీసేముందు పై బిగింపు నుంచి ఫోర్కు (తీగకు బిగించి ఉండే రెండు కొమ్మల చిన్న ముక్క) దాకా, అక్కడి నుంచి కింది బిగింపు దాకా దూరాలు కొలిచి రాసుకోండి, కొత్తదాన్ని అవే దూరాల్లో బిగించండి. చేతి చెమట తగలకుండా పట్టుకారుతో పట్టుకోవాలి.

బిగించాక అడుగున మరలు తిప్పి గడియారాన్ని మట్టానికి తేవాలి. కింద ఉన్న గిన్నెకు బంతుల ఇరుసు ఎక్కడా తగలకూడదు. బంతులను మెల్లగా తిప్పి వదిలి, పైన టిక్ పడ్డాక ఇంకా ఎంత దూరం తిరిగాయో రెండు వైపులా చూడండి. ఆ అదనపు తిరుగుడు రెండు దిక్కులా సమానంగా ఉండాలి. ఒక వైపు ఎక్కువైతే పై బిగింపును తేడాలో సగం మేర తిప్పి మళ్లీ చూడండి. తేడా పెరిగితే రెండో దిక్కుకు తిప్పండి. అసలు ఆ అదనపు తిరుగుడే లేకుండా టిక్ పడగానే వెనక్కి మళ్లుతుంటే మిషనుకు శుభ్రత కావాలి, తీగ మీద నేరం వేయకండి. ఇకమీదట కదిపే ప్రతిసారీ, పక్క బల్ల మీదికైనా సరే, అడుగునున్న మీటతో బంతులను బంధించాకే ఎత్తండి. మీట లేని నమూనా అయితే బంతులను తప్పించి విడిగా మోయండి.